ఇనుము రేటు పడ్డప్పుడు గిరాకీని నిలబెట్టుకోవడం ఎలా?

యార్డులో రేటు పడగానే స్క్రాప్ బండి నడిపేవాళ్లు రెండు పనుల్లో ఒకటి చేస్తారు. కొందరు ‘డీజిల్ ఖర్చులు కూడా ఎళ్లయి’ అని లైన్‌కు పోవడమే బంద్ చేస్తారు. ఇంకొందరు పోతారు గానీ, రేటులో పోయిన రూపాయిని కాంటాలో రాబట్టుకుంటారు. మొదటివాళ్ల గిరాకీ, అంటే వాళ్లకు సరుకు వేసే షాపులు, మిల్లులు, రైతులు, నెల తిరిగేసరికి ఇంకో బండికి అలవాటు పడుతుంది. రెండోవాళ్లది ఇంకా తొందరగా పోతుంది. ఎందుకంటే నల్లగొండలో గానీ పాలమూరులో గానీ కాంటా సంగతి తెలియని మనిషి లేడు. ఏటా రెండు పంటలకు వడ్ల కుప్ప పక్కన నిలబడి, బస్తాకు ఎంత తరుగు తీస్తున్నరో కండ్లారా చూసి కొట్లాడినవాళ్లే మనకు సరుకు ఇచ్చేది.

టాటా ఏస్, బొలెరో పికప్, డీసీఎం లాంటి బండి పెట్టుకొని మెకానిక్ షెడ్లు, వెల్డింగ్ షాపులు, రైస్ మిల్లులు, ఊళ్ల నుంచి పాత ఇనుము ఎత్తి పెద్ద యార్డుకు వేసేవాళ్ల కోసం రాస్తున్నాను. రేటు మీ చేతిలో లేదు. తూకం, టైముకు రావడం, డబ్బు చేతిలో పెట్టడం ఈ మూడూ మీ చేతిలోవే. రేటు బాగున్న రోజుల్లో వీటిని ఎవరూ పట్టించుకోరు. పడ్డ రోజుల్లో గిరాకీ చూసేది వీటినే.

1. రేటు ఎందుకు పడిందో ముందు మీకు తెలియాలి

గిరాకీ అడిగే మొదటి మాట “ఎందుకు పడ్డదే?” అని. “ఏమో అన్నా, యార్డోళ్లు తగ్గించిన్రు” అని నసిగితే మీరే తగ్గించినట్టు వినబడుతుంది.

మనం ఎత్తిన ఇనుము యార్డుల మీదుగా షాద్‌నగర్, కొత్తూరు వైపు ఉన్న ఇండక్షన్ ఫర్నేసులకు, అంటే కరెంటుతో ఇనుము కరిగించే కొలుములకు చేరుతుంది. అక్కడ కరిగి బిల్లెట్ అనే పొడుగు దిమ్మె అవుతుంది. బిల్లెట్ రోలింగ్ మిల్లుకు పోయి స్లాబుకు వేసే సలాక అవుతుంది. సలాక కదలకపోతే బిల్లెట్ ఆగుతుంది, బిల్లెట్ ఆగితే స్క్రాప్ రేటు దిగుతుంది. వానాకాలంలో ఇంటి పనులు తగ్గుతాయి కాబట్టి ఆ నెలల్లో రేటు మెత్తబడడం దాదాపు ఏటా ఉండేదే. పైగా ఫర్నేసుకు మన స్క్రాప్ ఒక్కటే దిక్కు కాదు. ఇనుప ఖనిజం నుంచి తీసే స్పాంజ్ ఐరన్ చౌకగా దొరికితే అదే ఎక్కువ పోసి స్క్రాప్ తగ్గిస్తారు.

దూరం నుంచి వచ్చే దెబ్బలూ ఉంటాయి. 2022 మే నెలలో కేంద్రం చాలా రకాల ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసింది. బయటికి పోవాల్సిన ఉక్కు ఇక్కడే మిగిలి రేట్లు దిగాయి. అదే ఏడు నవంబర్‌లో సుంకం తీసేశారు. 2024లో చైనా 11 కోట్ల టన్నులకు పైగా ఉక్కును బయటి దేశాలకు అమ్మింది. అంత సరుకు బజారులోకి వస్తే చిట్యాల పక్కన వెల్డింగ్ షాపు వెనకాల పడి ఉన్న రేకు ముక్క రేటు కూడా కదులుతుంది.

రాగి, ఇత్తడి, అల్యూమినియం లెక్క వేరు. వాటికి లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ రేటు, డాలర్ రేటు ఆధారం. ఇనుము పడ్డ వారమే రాగి పెరిగి ఉండొచ్చు. ‘ఇనుము పడ్డది’ అనే మాట అడ్డం పెట్టుకొని రాగి మీద కూడా కోత పెట్టే బండ్లు ఉన్నాయి. మోటర్లకు తీగ చుట్టే వైండింగ్ షాపువాడు రాగి రేటు రోజూ ఫోన్‌లో చూసుకుంటాడు. అతని దగ్గర ఈ ఎత్తు ఒక్కసారి పారుతుంది, రెండోసారి షటర్ దించేస్తాడు.

2. మీ కొనుగోలు రేటు కాగితం మీద కట్టండి

చాలామంది నోటి లెక్కతో నడుపుతారు. రేటు బాగున్నప్పుడు నడుస్తుంది. పడ్డప్పుడు ఎక్కడ తగ్గించాలో తెలియక, ఉన్నదంతా గిరాకీ మీద వేస్తారు. లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. అంకెలు లెక్క కోసమే, మీ బండివి మీరు పెట్టుకోండి.

పికప్‌లో 1,400 కిలోల మిక్స్ ఇనుము. యార్డు రేటు కిలో 34 రూపాయలు. డీజిల్ రానుపోను 2,400. హమాలీ 900. బండిని మొత్తంగా తూచే ధర్మకాంటా, టోల్, చిల్లర 300. బండి కిస్తీలో, టైర్లలో ఆ రోజు వాటా 1,200. ఇవన్నీ 4,800. యార్డులో దుమ్ము, మట్టి పేరుతో 3 శాతం తరుగు తీస్తే 42 కిలోలు, అంటే 1,428 రూపాయలు. మొత్తం 6,228. కిలోకు దాదాపు 4 రూపాయల 45 పైసలు. మీకు కిలోకు రూపాయిన్నర మిగలాలంటే 28 రూపాయలకు కొనొచ్చు.

ఇప్పుడు యార్డు రేటు 29కి పడింది. డీజిల్, హమాలీ, టోల్, కిస్తీ పైసా తగ్గలేదు. అదే లెక్క మళ్లీ కడితే కొనుగోలు రేటు 23 వస్తుంది. యార్డులో పడ్డది సుమారు 15 శాతం, గిరాకీకి పడ్డది సుమారు 18 శాతం. “ఆడ తక్కువ పడ్డది, నువ్వు ఎక్కువ కోస్తున్నవ్” అని సేటు అనడానికి కారణం ఇదే. మీరు మోసం చేయలేదు, ఖర్చు కదలలేదు, అంతే. ఈ కాగితం బండిలో పెట్టుకోండి. గట్టిగా అడిగిన గిరాకీకి చూపించండి, మీ రూపాయిన్నరతో సహా. లాభం దాచిపెట్టేవాడి మీద అనుమానం పోదు. చూపించినవాడితో బేరం ఆడతారు, కానీ నమ్ముతారు.

లెక్క కట్టాక తెలిసేది ఇంకొకటి ఉంది. రేటు పడ్డప్పుడు తగ్గించాల్సింది తిరుగుడు. 1,400 కిలోల బండి 700 కిలోలతో పోతే కిలోకు డీజిల్ రెండింతలు. దీని సంగతి 6లో చెప్తాను.

3. సరుకు ఎక్కించక ముందే ఫోన్ చేయండి

రేటు దిగిన రోజు సాయంత్రమే, కనీసం పెద్ద గిరాకీలకైనా, మీ నోటి నుంచి తెలియాలి. బండి ఎక్కించినాక, తూకం అయినాక, డబ్బు లెక్కపెట్టేటప్పుడు “రేటు పడ్డది” అనడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అప్పుడు గిరాకీకి కాదనే వీలు ఉండదు, కాబట్టి ఆ కోపం మనసులో పెట్టుకుంటాడు.

ఫోన్ మాట చిన్నగా ఉండాలి:

“సేటూ, నమస్తే. యార్డుల రేటు అయిదు రూపాయలు పడ్డది. పోయినసారి ఇరవై ఎనిమిది ఇచ్చిన, ఈసారి ఇరవై మూడే ఇయ్యగలుగుత. రాగి రేటు మాత్రం పాతదే. గురువారం బండి వస్తది. ఏస్తరా, ఆగుతరా, మీ ఇష్టం. ఆగినా ఒకసారి వచ్చి చూసిపోత.”

ఇందులో కొత్త రేటు ఉంది, పాత రేటు ఉంది, వచ్చే రోజు ఉంది, కాదనే వీలు ఉంది. సంజాయిషీ లేదు. “మాకే ఏం మిగుల్తలేదు, పిల్లల ఫీజులు” లాంటి ఏడుపు వద్దు. గిరాకీకీ పిల్లలున్నారు, వాళ్లకూ ఫీజులున్నాయి.

ఒకసారి చెప్పిన రేటు ఆ రోజంతా నిలబడాలి. పొద్దున 23 అని చెప్పి బయలుదేరాక యార్డు 22 అంటే ఆ రూపాయి మీది. పెరిగితే అదీ మీదే, తప్పేం లేదు. మధ్యలో మార్చారా, ఇక మీ మాటకు విలువ లేదు.

మెకానిక్ షెడ్లకు, చిన్న షాపులకు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపితే చాలు. చేతులకు గ్రీజు ఉన్నవాళ్లు మెసేజ్ చదవరు, వింటారు.

4. కాంటా: ఇక్కడే గెలుస్తారు, ఇక్కడే పోతారు

రేటు తక్కువున్నప్పుడు గిరాకీ కండ్లు కాంటా మీదే ఉంటాయి. పక్కబండి రూపాయి ఎక్కువ ఇస్తానంటే దాన్ని ఎక్కడ పూడ్చుకుంటాడో ఊళ్లో చిన్నపిల్లకైనా తెలుసు. 100 కిలోలకు 6 కిలోలు తక్కువ చూపిస్తే చాలు, 24 రూపాయల రేటు 22 రూపాయల 56 పైసలు అయిపోతుంది. ఈ గుణకారం మీ గిరాకీకి నేర్పండి. పక్కబండివాణ్ని ఒక్క మాట అనాల్సిన పని లేదు.

మీ కాంటాను ఇలా పెట్టండి.

చదునైన నేల చూసి దించండి. షాపు ముందు వాలు ఉంటే కింద పలక వేసి సరిచేయండి. ఖాళీ కాంటా మీద సున్నా చూపించి, “చూడన్నా, సున్నా ఉందా?” అని అడిగి అప్పుడు సరుకు పెట్టండి. డిస్‌ప్లే గిరాకీ వైపు తిప్పండి, మీవైపు కాదు.

అనుమానం ఉన్నవాడికి వాడి సొంత వస్తువుతోనే చూపించాలి. రైతు ఇంట్లో అయితే కుట్టు విప్పని డీఏపీ బస్తా 50 కిలోలు, యూరియా బస్తా 45 కిలోలు. కట్టుబడి దగ్గర అయితే సిమెంటు బస్తా 50. అవి పెట్టి చూపించండి, సంచి బరువు కొద్దిగా అదనంగా కనబడుతుంది. ఆ తర్వాత అదే బస్తాను కాంటా నాలుగు మూలల్లో ఒక్కోచోట పెట్టండి. అన్ని మూలల్లోనూ ఒకే అంకె రావాలి. ఒక మూలలో తేడా వస్తే కాంటా సరిగా లేదని అర్థం, ఆ రోజు ఆ కాంటాతో కొనకండి. ఈ మూలల సంగతి చూపించినవాడిని గిరాకీ మర్చిపోడు, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ చూపించి ఉండరు.

తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి. సర్టిఫికెట్ జిరాక్సు బండిలో ఉంచండి.

రైస్ మిల్లు సరుకు లాంటిది ధర్మకాంటా మీద వేస్తే ఖాళీ బండి తూకం, నిండు బండి తూకం రెండూ అదే కాంటాలో, అదే రోజు వేయండి. డ్రైవరు రెండుసార్లూ బండిలో ఉండాలి, లేదా రెండుసార్లూ దిగాలి. మధ్యలో డీజిల్ పోయించకండి. 40 లీటర్లు పోయిస్తే 33 కిలోల పైన బరువు పెరుగుతుంది. అది మీకు నష్టమే. అయినా రెండు చీటీల మధ్య పెట్రోల్ బంకుకు పోయొచ్చిన బండిని ఏ సేటూ నమ్మడు. చీటీలు రెండూ ఫోటో తీసి గిరాకీకి పంపండి.

ఇక తరుగు. యార్డు మీకు తరుగు తీస్తుంది, మీరు గిరాకీకి తీయకుండా ఉండలేరు. కానీ ‘కిలోకు ఇంత’ అని గుడ్డిగా కోయకండి. మట్టి ఉంటే ఆడనే దులపండి. సెంట్రింగ్ పెట్టెలకు కాంక్రీటు అంటి ఉంటే సుత్తితో కొట్టి రాల్చండి. మోటర్ పైపులో బురద ఉంటే గుద్ది తీయండి. రాలింది పక్కన కుప్ప వేసి కనబడనివ్వండి. శుభ్రం చేసిన సరుకు తూకం వేసి, తరుగు లేదని చెప్పండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. వడ్లకు తరుగు ఇచ్చి ఇచ్చి విసిగినవాడికి ఈ పది నిమిషాలు ఎంత అపురూపమో మీరు చూస్తారు.

5. కరిగే రేటు వేరు, వాడే రేటు వేరు

రేటు పడ్డప్పుడు గిరాకీ చేతిలో నాలుగు పైసలు ఎక్కువ పెట్టడానికి అసలు దారి ఇదే. దీని మీద టైము పెట్టండి.

ఫర్నేసు రేటు కరిగించే ఇనుముకు. బండిలో ఉన్నదంతా కరిగించాల్సింది కాదు. లారీల కమాన్ పట్టీలు ఉన్నాయి చూడండి, జడ్చర్ల దగ్గర గానీ నకిరేకల్ దగ్గర గానీ హైవే మెకానిక్ షెడ్లలో కుప్పలుగా ఉంటాయి. వాటిని గొడ్డలి, కొడవలి చేసే కమ్మరి కొంటాడు, ఎందుకంటే ఆ స్టీలు గట్టిది, పదును నిలుస్తుంది. సలాక రేటు పడ్డంత మాత్రాన కమ్మరి కొనే రేటు పడదు. అట్లనే పొడుగు యాంగ్లర్లు, చానెళ్లు, వంగని జీఐ పైపులు. వెల్డింగ్ షాపువాడు గేటుకో షెడ్డుకో వాడుకుంటాడు, రైతు పందిరికి అడుగుతాడు. కొత్తది కొనే డబ్బులో సగమే అయినా కరిగే రేటు కన్నా ఎక్కువే వస్తుంది. ఒక షాపులో దొరికింది ఇంకో షాపుకు చేర్చడం మీకు పెద్ద కష్టం కాదు, రెండూ మీ లైన్‌లోవే. వచ్చిన తేడాలో సగం ఇచ్చినవాడికి ఇవ్వండి. ‘మీ పైపులు ఫలానా ఊరి పందిరికి పోయినయి, ఇదిగో మీ వాటా’ అని చెప్పి ఇస్తే ఆయన ఇక ఇంకో బండిని పిలవడు. బ్రేకు సామాన్లు, స్టీరింగ్ సామాన్లు మాత్రం మళ్లీ వాడకానికి అమ్మకండి. అవి కరగాల్సిందే.

రెండో సంగతి, వేరుచేయడం. మిక్స్‌గా తూకం వేస్తే అన్నిటికీ తక్కువ రేటు పడుతుంది. గిరాకీ ముందే కూర్చొని వేరు చేయండి: బరువు ఇనుము, పలుచని రేకు, బీడు (పోత ఇనుము), తుప్పు పట్టని స్టీలు, రాగి, ఇత్తడి, అల్యూమినియం. పలుచని రేకు కరిగేటప్పుడు గాలికి కాలి ఎక్కువ పోతుంది, అందుకే రేటు పడ్డప్పుడు ముందు దెబ్బ రేకుకే తగులుతుంది. బరువు ఇనుమును దానితో కలిపితే మంచి సరుకును కూడా రేకు రేటుకు పారేసినట్టు.

అయస్కాంతం జేబులో ఉండాలి, ఒక చిన్న ఆకురాయి కూడా. ఇత్తడి రంగు కొళాయిని ఆకురాయితో గీస్తే లోపల తెల్లగా బయటపడేవి ఉంటాయి. రాగి తీగ అనుకున్నది గీకితే అల్యూమినియం మీద రాగి పూత అయి ఉండొచ్చు. రైస్ మిల్లు రబ్బరు రోలర్ లోపల అల్యూమినియం డ్రమ్ము ఉండేవీ ఉన్నాయి, ఇనుపవీ ఉన్నాయి. అయస్కాంతం అంటించి చూడకుండా అన్నీ ఒకే రేటుకు తీసుకుంటే ఎవరో ఒకరు నష్టపోతారు. స్టీలు దగ్గర మాత్రం అయస్కాంతాన్ని పూర్తిగా నమ్మకండి. కొన్ని రకాల స్టీలుకు అది కొద్దిగా అంటుకుంటుంది.

కాలిపోయిన బోరు మోటర్ దగ్గర బేరం ఎప్పుడూ తకరారే. రైతుకు లోపల రాగి ఉందని తెలుసు, ఎంత ఉందో తెలియదు. మీరు గుండుగుత్తగా ఒక రేటు చెప్తే, ఎంత చెప్పినా తక్కువ చెప్పారనే అనుకుంటాడు. విప్పి చూపించండి. పై భాగం పంపు, కింద మోటర్. బోల్టులు విప్పి లోపల తిరిగే రోటర్ బయటికి లాగితే, చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్ గాడుల్లో వైండింగ్ తీగ కనబడుతుంది. నీళ్లు నింపే మోటర్లలో తీగకు ప్లాస్టిక్ తొడుగు మందంగా ఉంటుంది. దాన్ని తొడుగుతో తూకం వేసి రాగి రేటు కడితే మీరు మునుగుతారు, అందుకే ఒక జానెడు తీగ గీకి రైతుకే చూపించి రేటు మాట్లాడండి. కొన్ని మోటర్లలో వైండింగ్ అల్యూమినియం ఉంటుంది. అది విప్పినాక బయటపడితే “నేను చెప్పలే?” అనకండి, ఆయనకూ అప్పుడే తెలిసింది. తొడుగు తీయడానికి తీగను కాల్చకండి. ఆ పొగ విషం, పైగా కాలిన రాగి నల్లబడి రేటు తగ్గుతుంది.

6. ఎవరి దగ్గరికి ఎప్పుడు పోవాలి

వెల్డింగ్ షాపు, లేత్ షాపు, మెకానిక్ షెడ్‌కు కావాల్సింది జాగా. వెనకాల కుప్ప పెరిగితే పని చేసుకోవడానికి చోటు ఉండదు, పాములు, తేళ్లు చేరతాయి. రేటు తక్కువని మీరు రెండు వారాలు పోకపోతే ఆ కుప్ప మిమ్మల్ని తిట్టిస్తుంది. కాబట్టి రోజు మార్చకండి. ఆ ఊరి అంగడి రోజునే మీ రోజుగా పెట్టుకోండి, ఎవరికీ గుర్తుచేయాల్సిన పని ఉండదు. లేత్ మీద రాలే ఇనుప పొట్టుకు ఒక పాత డ్రమ్ము, ముక్కలకు ఒక డ్రమ్ము మీరే పెట్టి రండి. డ్రమ్ము మీదైతే అందులో సరుకు ఇంకొకరికి పోసేటప్పుడు మనిషి కొంత వెనకాడతాడు. లేత్ పొట్టుకు నూనె, నీళ్లు పట్టి ఉంటే ఫర్నేసులో ప్రమాదం, యార్డు కూడా తీసుకోదు. డ్రమ్ము అడుగున బొక్కలు కొట్టి కారనివ్వండి.

మిర్యాలగూడ రైస్ మిల్లులకు లెక్క వేరు. వానాకాలం వడ్లు అక్టోబర్ నుంచి, యాసంగి వడ్లు ఏప్రిల్ నుంచి దిగుతాయి. ఆ రద్దీలో మిల్లులో మీతో మాట్లాడే నాథుడు ఉండడు. సీజన్లకు మధ్య మిషన్లు విప్పి మరమ్మతు చేసేటప్పుడు అరిగిన జల్లెళ్లు, ఎలివేటర్ బకెట్లు, బేరింగులు, బాయిలర్ ట్యూబులు ఒక్కసారిగా బయటపడతాయి. అప్పుడు సేటుకు కావాల్సింది రేటులో అర్ధరూపాయి కాదు, ఫిట్టర్లు విప్పింది విప్పినట్టు రోజుకు రోజు ఎత్తుకుపోయే బండి, మనుషులు. ఇనుము రేటు ఎంత పడ్డా సరే, ఆ పది పదిహేను రోజులు మీ బండి అక్కడ ఉండాలి. ఇంకెక్కడైనా ఎగ్గొట్టొచ్చు.

ఊళ్లల్లో ఇంటింటికి తిరిగే సరుకు రేటు పడ్డప్పుడు అసలు గిట్టుబాటు కాదు. పూర్తిగా మానకండి, అంగడి రోజు లైన్‌లోనే రెండు ఊళ్లు కలుపుకోండి. అవ్వ పాత బకెట్టు, ఇరిగిన కుర్చీ పట్టుకొని వస్తే ఎంతో కొంత చేతిలో పెట్టండి. ఆ అవ్వ కొడుకు బోరు మోటర్ కాలినప్పుడు మీ నంబరే అడుగుతాడు.

7. “రేటు పెరిగేదాకా ఆగుతం” అన్నవాళ్లతో

పత్తి ఇంట్లో నింపుకొని రేటు కోసం ఎదురుచూసే రైతుకు మీరు ఏం చెప్పినా వినడు, ఇదీ అంతే. వాదన పెట్టుకోకండి. ‘ఇంకా పడుతుంది, ఇప్పుడే అమ్ము’ అని బెదిరించకండి. రేపటి రేటు మీకూ తెలియదు. పెరిగితే జన్మంతా మిమ్మల్నే తలుచుకుంటాడు.

దానికి బదులు సగం సగం చెప్పండి. పలుచని రేకు, డబ్బాలు, లేత్ పొట్టు వానకు తుప్పు పట్టి రాలిపోతాయి, యార్డు ఇంకా కోత పెడుతుంది. అవి ఇప్పుడే వేసేయమనండి. బరువు ఇనుము, బీడు ఆగినా నష్టం లేదు. ఇటుకల మీద ఎత్తుగా పెట్టించి, పైన కవరు కప్పించి రండి. రాగి మాత్రం బయట ఉంచవద్దని చెప్పండి, ఇంట్లో తాళం వేసుకోవాలి, లేదా అమ్మేయాలి. కుప్ప ఫోటో తీసుకొని, సుమారు బరువు రాసుకోండి. రేటు కదిలినప్పుడు ఫోన్ చేయడానికి అది అక్కరకొస్తుంది.

‘సరుకు నీ దగ్గర పెట్టు, రేటు తర్వాత తెగ్గొడదాం’ అంటే ఒప్పుకోకండి. ఎంత మంచివాళ్ల మధ్యైనా ఆ లెక్క చివరికి పంచాయితీలో తేలుతుంది.

8. డబ్బు

తూకం అయిన వెంటనే ఇవ్వాలి. ఫోన్‌పేనో నగదో, వాళ్లు అడిగినట్టు. తక్కువ రేటు ఇచ్చి, అది కూడా ‘సోమవారం ఇస్త’ అంటే రెండు తప్పులు కలిపి చేసినట్టు. చేతిలో డబ్బు లేకపోతే ఆ రోజు తక్కువ కొనండి. ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చూపించడం కష్టం, పెద్ద మొత్తాలు బ్యాంకులో వేయండి.

జీఎస్టీ పేరుతో గిరాకీకి కోత పెట్టేవాళ్లు ఉన్నారు. 2024 అక్టోబర్ 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర లోహాల స్క్రాప్ కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి రివర్స్ చార్జి కింద పన్ను తానే కట్టాలి. కట్టింది మామూలుగా తన లెక్కలో తిరిగి వాడుకుంటాడు. మీకు రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పన్ను యార్డువాడు చూసుకోవాల్సింది, మెకానిక్ తమ్ముడి ఇనుములోంచి తీయాల్సింది కాదు. యార్డు మీ దగ్గర కోస్తే యార్డుతోనే మాట్లాడండి, లేదా యార్డు మార్చండి. 50,000 దాటిన సరుకు బండిలో పోవాలంటే ఆన్‌లైన్‌లో తీయాల్సిన ఈ-వే బిల్లు సంగతి యార్డువాడితో ముందే తేల్చుకొని కదలండి.

9. రేటు ఎంత పడ్డా కొనకూడనివి

మార్జిన్ లేనప్పుడు దొంగ సరుకు తియ్యగా కనబడుతుంది. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి, నూనె పారబోసి, రాగి చుట్టలు ఎత్తుకుపోతున్న సంగతి మన జిల్లాల్లో అందరికీ ఎరుకే. ఆ రాగి మీ బండిలో దొరికితే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద కేసు ఒక ఎత్తు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద నాట్లు ఎండిపోయిన రైతులంతా మీ గిరాకీనే కావడం ఇంకో ఎత్తు. రైలు పట్టాల సామానుకు 1966 నాటి ప్రత్యేక చట్టమే ఉంది. మ్యాన్‌హోల్ మూతలు, సర్కారు బోరింగుల సామాను, గ్యాస్ సిలిండర్లు ముట్టుకోకండి. కాగితాలు లేని బండి కొనకండి. పాత బ్యాటరీలను బ్యాటరీ షాపుకు పంపమనండి. చిన్నపిల్లలు తెచ్చిన సరుకు అసలే వద్దు, పెద్దవాళ్లను పిలుచుకు రమ్మనండి.

మూతి మూసుకున్న డబ్బా, షాక్ అబ్జార్బర్, రెండు వైపులా మూసిన పైపు ఫర్నేసులో పేలుతాయి. అవి కొనే ముందు కోయించండి. కొనను అని చెప్పేటప్పుడు కారణం చెప్పండి, దొంగను చూసినట్టు చూడకండి. చాలామంది తెలియకనే తెస్తారు.

10. రేటు లేచినప్పుడు

గిరాకీ మిమ్మల్ని అసలు తూకం వేసేది ఇప్పుడు. యార్డు రేటు పెరిగిన సంగతి పక్కబండివాడు చెప్పక ముందే మీరు చెప్పాలి. పడ్డప్పుడు సాయంత్రమే ఫోన్ చేసినవారు, పెరిగినప్పుడు వారం ఆగి చేస్తే ఆ తేడా అందరికీ కనబడుతుంది.

ముందు ఫోన్ రేటు పడ్డ రోజుల్లో కూడా సరుకు వేసినవాళ్లకు. తర్వాత ఆగినవాళ్లకు, వాళ్ల కుప్ప ఫోటో మీ దగ్గర ఉంది కదా. మధ్యలో ఇంకో బండికి వేసినవాళ్లకు కూడా చేయండి, ఎందుకు వేశావని అడగకుండా. యార్డు ఒకేసారి నాలుగు రూపాయలు లేపితే మీరు మూడు లేపండి. సలాక కదలకుండా ఎగిరిన స్క్రాప్ రేటు వారంలో మళ్లీ దిగడం ఉంటుంది. నాలుగో రూపాయి వారం చూసి ఇస్తానని ఆ ఫోన్‌లోనే చెప్పేయండి. వారం తర్వాత రేటు అక్కడే నిలబడితే, వాళ్లు అడగక ముందే ఇచ్చేయండి.